తోకబండి

మా వాకిట్లో నెల రోజులబట్టీ ఒక వింత జంతువు పెరుగుతోంది. ముందునుంచి చూస్తే సైకిలు. వెనకనుంచి చూస్తే తోపుడుబండి. మధ్యలో రెంటినీ కలుపుతూ వంకర తిరిగిన ఇనప గొట్టం. పాలబ్బాయి దాని చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, "ఐస్‌క్రీం బండి పెడతన్నారాండీ?" అని అడిగాడు. ఎదురింటావిడ ఇంకో అడుగు ముందుకేసి, "అమ్మాయి ఉద్యోగానికేమన్నా ఇబ్బంది వచ్చిందా వదినగారూ?" అని గొంతు తగ్గించి పరామర్శించారు.

ఉద్యోగం నిక్షేపంలా ఉంది. మా అమ్మాయే రెండు నెలలు సెలవు పెట్టి కూచుంది. సంక్రాంతి వెళ్ళాక రాజమండ్రిలో బయల్దేరి, వీలైనంత మటుకు సముద్రపు ఒడ్డు వెంబడే, కన్యాకుమారి దాకా సైకిలు మీద వెళ్తుందట. 1300 కిలోమీటర్ల పైచిలుకు. ఒక్కతీనూ! డేరా, వంట సామాను, దుప్పట్లు, పనిముట్లు పెట్టుకోడానికి సైకిలు వెనక ఈ తోక. దాన్ని ట్రైలరు అంటారట. నాకు మాత్రం తోకబండి అనే నోటికొస్తోంది.

"వెనక క్యారియరు ఉందిగా, దానిమీద కట్టుకోరాదుటే?" అన్నాను.

"బరువంతా వెనక చక్రం మీద పడితే పుల్లలు విరుగుతాయమ్మా. అదే బండిలో ఉంటే దాని బరువు దాని చక్రాలే మోసుకుంటాయి," అంది.

సబబుగానే ఉంది. కానీ తల్లి ప్రాణానికి సబబుతో ఏం పని? అసలు ఇది పోయినేడాదే జరగవలసిన ప్రయాణం. సరిగ్గా అప్పుడే నా మోకాలి ఆపరేషను వచ్చిపడింది. దాని సెలవంతా నన్ను పట్టుకుని నడిపించడంతోటే సరిపోయింది. సైకిలు మీద గోనెపట్టా కప్పి మూల పెట్టేసింది. ఒక్క మాట అనలేదు. అనలేదు కనకే నాకు గుర్తుండిపోయింది.

నాకు దేన్ని గురించైనా భయం వేస్తే దాన్ని గురించి చదవడం అలవాటు. పిల్లల చిన్నప్పుడు జ్వరాలకీ అంతే, మొన్న మోకాలికీ అంతే. ఈసారి అమ్మాయి బల్ల మీది పుస్తకాలూ, కంప్యూటర్లో అది వెతికి పెట్టినవీ కళ్ళజోడు తగిలించుకుని చదివాను. ఇలా సైకిలుకి మూట కట్టుకుని దేశాలమీద పడ్డవాళ్ళు ఎవరు? బండిని ఎలా తయారుచేసుకున్నారు? ఏం పట్టికెళ్ళారు, ఏం వదిలేశారు? ఆడవాళ్ళం కదా, ఎవరు ఊరికి బయల్దేరినా మనం ముందు అడిగేది పెట్టె సంగతే.

ఈ పిచ్చికి ఆద్యుడు థామస్ స్టీవెన్స్ అనే ఆయన. పుట్టింది ఇంగ్లండులో, స్థిరపడింది అమెరికాలో. 1884 ఏప్రిల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సైకిలెక్కాడు. ఎక్కాడంటే నిజంగా ఎక్కడమే! అప్పటి సైకిలుకి ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు, వెనక చక్రం పళ్ళెమంత. ఆయనగారి ముందు చక్రం 50 అంగుళాలు. గాలి టైర్లు లేవు, డన్‌లప్ గాలి టైరు వచ్చింది 1888లో. చక్రం చుట్టూ గట్టి రబ్బరు పట్టీ మాత్రమే. రాయి అడ్డం వస్తే మనిషి తలకిందులుగా ముందుకి పడడమే. అలాంటి దానిమీద సామానుకి చోటేది? మేజోళ్ళు, ఒక మారు చొక్కా, వానకోటు, పడకగుడ్డ, చిన్న పిస్తోలు. వాన వస్తే ఆ కోటు తొడుక్కోడం, రాత్రయితే దాన్నే డేరాగా వేసుకోడం. ఆ మూటతో అమెరికా, యూరపు, టర్కీ, ఇరాన్ తిరిగి, 1886లో మన దేశం కూడా వచ్చి, గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద లాహోరు నుంచి కలకత్తా దాకా తొక్కాడు. ఆ ఏడాది డిసెంబరులో జపాన్‌లోని యొకొహామాతో యాత్ర ముగించాడు. సైకిలు మీద భూమి చుట్టిన మొదటివాడు ఆయనే.

ఒక్క మారు చొక్కాతో రెండున్నరేళ్ళు! మగమహారాజులు, చెల్లుతుంది. మరి ఆడవాళ్ళ మాటేమిటని పేజీలు తిప్పాను.

ఆడవాళ్ళకి ఆ పొడుగు చక్రం ఎక్కడం కుదిరే పని కాదు, ఆ కాలపు గౌనులతో అసలే కాదు. 1885లో ఇంగ్లండులో స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి, చైనుతో వెనక చక్రం తిరిగే సైకిలు తెచ్చాడు. రోవర్ అని దాని పేరు. మనం తొక్కే సైకిళ్ళన్నిటికీ అదే అమ్మమ్మ. అది వచ్చిన పదేళ్ళకల్లా ఆడవాళ్ళు రోడ్డెక్కారు.

అందులో ఒకావిడ బోస్టన్ నగరంలో ఉండే అనీ కొప్‌చోవ్‌స్కీ. వయసు పాతికేళ్ళ లోపు. భర్త ఇల్లిల్లూ తిరిగి సామాన్లు అమ్ముకునేవాడు. ముగ్గురు పిల్లలు, ముగ్గురూ ఆరేళ్ళ లోపువాళ్ళే. ఆవిడ సైకిలు తొక్కడం నేర్చుకుందే ప్రయాణానికి కొద్దిరోజుల ముందు. 1894 జూన్ నెలలో ఒక మారు బట్టలూ, ఒక పిస్తోలూ పెట్టుకుని ప్రపంచయాత్రకి బయల్దేరింది. లండన్‌డెరీ అనే ఊటనీళ్ళ కంపెనీవారు 100 డాలర్లిచ్చి సైకిలుకి తమ బోర్డు కట్టించారు. పైగా ఆవిడ పేరు కూడా మార్చేసి అనీ లండన్‌డెరీ అన్నారు. ఇద్దరు పెద్దమనుషులు వేసుకున్న పందెం కోసం వెళ్తున్నానని ఆవిడ అందరికీ చెప్పేది. ఆ పందెం సంగతి నిజమో, ఆవిడే అల్లిందో అనుమానమే. కథలు చెప్పడంలో చాలా గట్టిదట.

ఆవిడ మొదటి సైకిలు కొలంబియా కంపెనీవారి ఆడవాళ్ళ సైకిలు. బరువు 42 పౌన్లు, అంటే 19 కిలోలు. ఆడవాళ్ళ సైకిలు మీకు తెలిసిందేగా, మధ్య గొట్టం కిందికి దిగి ఉంటుంది. అది మన చీరల కోసం, వాళ్ళ గౌనుల కోసం. ఆ గొట్టం దిగడంతో చట్రానికి బిగువు తగ్గుతుంది. ఆ బిగువు మళ్ళీ తేవాలంటే ఇనుము ఎక్కువ వెయ్యాలి. అంటే ఏమిటన్నమాట? మనం తొక్కే బరువులో కొంత మన బట్టల బరువు! కాలేజీకి మూడేళ్ళు లేడీస్ సైకిలు తొక్కాను. ఈ ముక్క నాకు ఇన్నాళ్ళూ తట్టనేలేదు.

అనీ ఆ బరువుతో పడుతూ లేస్తూ చికాగో చేరేసరికి సెప్టెంబరు నెలాఖరు. చలికాలం ముంచుకొస్తోంది. ఇంక మానేద్దామా అనుకుంది. మానలేదు, సైకిలు మార్చింది. స్టెర్లింగ్ అనే మగవాళ్ళ సైకిలు తీసుకుంది. 21 పౌన్లు, సరిగ్గా సగం. దానికి బ్రేకు కూడా లేదు! మధ్య గొట్టం అడ్డం కనక గౌను కుదరదు. గౌను తీసి ముందు సంచి లాగుల్లాంటివి, ఆ తరవాత మగవాళ్ళ దుస్తులూ తొడిగింది. వెనక్కి న్యూయార్కు వెళ్ళి, ఓడలో ఫ్రాన్సు చేరి, పారిస్ నుంచి మార్సే దాకా తొక్కి, మళ్ళీ ఓడెక్కి ఈజిప్టు, కొలంబో, సింగపూరు, చైనా, జపాన్ చుట్టి 1895 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగింది. అక్కణ్ణుంచి అమెరికా దాటి సెప్టెంబరులో చికాగో చేరింది. ఆవిడ సైకిలు మీద తిరిగిన దానికంటే సైకిలుని వెంట తిప్పిందే ఎక్కువ అని దెప్పినవాళ్ళు అప్పుడే ఉన్నారు. ఓడ ప్రయాణాలు చూస్తే అందులో నిజం లేకపోలేదు. నాకు మటుకు ఓడలు కాదు, ఆ ముగ్గురు పిల్లలు కళ్ళలో మెదిలారు. పదిహేను నెలలు! నేనైతే వెళ్ళగలిగేదాన్నా? వెళ్ళలేను. వెళ్ళినావిణ్ణి తప్పుపట్టగలనా అంటే, అదీ చెయ్యలేకపోతున్నాను.

మనవాళ్ళెవరూ లేరా అంటారేమో. ఉన్నారు. 1923 అక్టోబరులో బొంబాయిలో ఆరుగురు పార్సీ కుర్రాళ్ళు సైకిళ్ళ మీద ప్రపంచయాత్రకి బయల్దేరారు. వాళ్ళలో చివరిదాకా నిలిచినవాళ్ళు ముగ్గురు – ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా. 1928 మార్చిలో బొంబాయి తిరిగొచ్చారు. నాలుగేళ్ళ అయిదు నెలల్లో 71 వేల కిలోమీటర్లు. ఆ ఆరుగురు తల్లులూ ఆ నాలుగేళ్ళు ఏం చేశారో, ఉత్తరాల కోసం ఎన్ని మధ్యాహ్నాలు వీధి గుమ్మంలో నిలబడ్డారో అని నా ఆలోచన. ఇప్పుడైతే జేబులో ఫోనుంది, ఎక్కడున్నారో బొమ్మలో కనపడుతుంది. అయినా ఇంత బెంగ!

ఇలా చదువుతూ చదువుతూ ఒక పుస్తకం దగ్గర ఆగిపోయాను. డెర్వ్లా మర్ఫీ అని, ఐర్లండు దేశంలో లిస్‌మోర్ అనే చిన్న ఊళ్ళో 1931లో పుట్టినావిడ. తండ్రి గ్రంథాలయాధికారి. పదో పుట్టినరోజుకి ఆ పిల్లకి రెండు బహుమతులొచ్చాయి. ఒకటి పాత సైకిలు, రెండోది అట్లాసు. కొద్దిరోజులకి ఊరి దగ్గర మెట్ట ఎక్కుతూ, తన కాళ్ళు తిరగడం తనే చూసుకుని, ఇలా తొక్కుతూనే పోతే ఏదో ఒకనాటికి ఇండియా చేరతాను కదా అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. పెద్దవాళ్ళు నవ్వుతారని తెలుసు.

చేరడానికి ఇరవయ్యొక్క ఏళ్ళు పట్టింది. దారి దూరం కాదండీ, గడప దూరం. తల్లికి కీళ్ళవాతం. డెర్వ్లా పుట్టిన కొద్దికాలానికే మంచాన పడింది. పద్నాలుగో ఏట బడి మానిపించి, తల్లికి చాకిరీకి ఇంట్లో ఉంచేశారు. మధ్యలో కొన్ని వారాలు సైకిలు మీద ఇంగ్లండు, జర్మనీ, స్పెయిను తిరిగొచ్చేది. కదల్లేని ఆ తల్లే వెళ్ళమని పంపేదట. ఆ మాట మెచ్చుకోవాలి. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సెలవులూ కరువయ్యాయి. 1961లో తండ్రి పోయాడు. 1962లో తల్లి పోయింది. 1963 జనవరిలో, ఎన్నో ఏళ్ళుగా ఎరగనంత మంచు కురుస్తుండగా, డెర్వ్లా ఇండియాకి సైకిలెక్కింది.

ఆ సైకిలు పేరు రోజ్. డాన్ కిహోటే కథలో ఆయన ముసలి గుర్రం రోజినాంటే, దాని ముద్దుపేరన్నమాట. ఆర్మ్‌స్ట్రాంగ్ కెడెట్ అనే మగవాళ్ళ సైకిలు. దూరప్రయాణానికి సైకిలు తయారుచేసుకోవడం అంటే ఏవో కొత్త కొత్తవి తగిలించడం అనుకుంటాం కదా. ఆవిడ చేసిన పని ఏమిటో తెలుసా? ఉన్న గేర్లు తీయించేసింది! ఆసియా రోడ్ల దుమ్ముకీ కుదుపుకీ ఆ సున్నితమైన సరంజామా నిలవదని ఆవిడ లెక్క. కొండ వస్తే దిగి నడిపించుకు పోవచ్చు. కానీ ఎడారి మధ్యలో గేరు విరిగితే బాగుచేసేవాడెవడు? రెండో ముందుచూపు – అదనపు టైర్లు తను మొయ్యకుండా, దారిలో వచ్చే ఊళ్ళకి ముందే పంపించేసింది. సైకిలు చేరేసరికి టైరు అక్కడ సిద్ధంగా ఉంటుంది.

యుగోస్లావియాలో తోడేళ్ళు మీదపడితే పిస్తోలు పేల్చిందట. అఫ్గనిస్థాన్‌లో బస్సులో జరిగిన తగువులో తుపాకీ మడమ తగిలి పక్కటెముకలు విరిగాయి. అన్నీ పడి 1963 జులైలో ఢిల్లీ చేరింది. చేరి, హమ్మయ్య అని వెనక్కి పోలేదు. ధర్మశాల వెళ్ళి అక్కడ టిబెట్ శరణార్థుల పిల్లలకి సేవ చేసింది. ఆ తరవాత 1973లో అయిదేళ్ళ కూతుర్ని వెంటపెట్టుకుని మన దక్షిణాదికి, కొడగుకి కూడా వచ్చింది. 2022లో, తొంభయ్యో ఏట, పుట్టిన ఊళ్ళోనే కన్నుమూసింది.

ఆవిడ తన చిన్ననాటి కథ విడిగా 1979లో రాసింది. అందులో తల్లి మీద ప్రేమతో పాటు విసుగూ, కోపమూ, ఆ చాకిరీలో తను ఎంత అలిసిపోయిందో ఏదీ దాచలేదు. తల్లి పోయాక దుఃఖం మాట అటుంచి, తను విడుదలైనట్టు అనిపించిందని కూడా ఒప్పుకుంది.

అక్కడ పుస్తకం మూసేశాను.

మా అత్తగారు పక్షవాతం వచ్చి ఆరేళ్ళు మంచంలో ఉన్నారు. మంచావిడే. నన్ను ఒక్కనాడు మాట అనలేదు. నేనూ చెయ్యవలసింది చేశాను, నలుగురూ మెచ్చుకున్నారు కూడా. ఆవిడ పోయిన నెలకి, ఓ మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే గోదావరి గట్టు దాకా నడిచివెళ్ళి కూచున్నాను. ఏడవడానికి వెళ్ళిందనుకున్నారు ఇంట్లో అందరూ. నేను ఏడవలేదు. గాలి పీల్చుకున్నాను. పడవలు చూశాను. గంటన్నర కూచుని ఇంటికొచ్చి వంట చేశాను. ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

ఇప్పుడు నా మోకాలు. నిజం చెప్పొద్దూ, అది ఎప్పుడో నయమైంది. మెట్లు దిగేప్పుడు కాస్త పట్టుకుంటుంది, అంతే. కానీ ఈ నెలరోజుల్లో అమ్మాయి వెల్డింగు షాపుకి బయల్దేరినప్పుడల్లా నాకు మోకాలు నొప్పెట్టడం మొదలవుతోంది. అదీ దొంగనొప్పి కాదు, నిజంగానే పెడుతోంది! ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. నేను పోయాక మా అమ్మాయి ఏ గట్టు మీదో కూచుని గాలి పీల్చుకోవాలా? వద్దు. ఆ పీల్చుకునేదేదో నేనుండగానే పీల్చుకోవాలి. సాయంత్రాలు నాకు ఫోను చేసి కబుర్లు చెప్పాలి.

మర్నాటినుంచి తోకబండి మీద నా దృష్టి మారింది. అప్పటిదాకా దాన్ని అనుమానంగా చూశాను. ఇప్పుడు శ్రద్ధగా చూశాను. పైగా అదే సమయానికి ఇంకొకాయన కథ దొరికింది. తోకబండ్లకి తాతలాంటి కథ.

స్టీవెన్ రాబర్ట్స్ అని అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉండేవాడు. వ్యాసాలు రాసుకుని బతికేవాడు. ఇంటి అప్పు, వాకిట్లో గడ్డి కొయ్యడం, మళ్ళీ అప్పు – వీటితో విసిగిపోయి, తనకి ఇష్టమైనవన్నీ ఓ కాగితం మీద రాసుకున్నాడట: ప్రయాణం, రాయడం, కంప్యూటర్లు, సైకిలు. అన్నీ కలిపి ఒకే బండిగా తయారుచేశాడు. వాలుకుర్చీలో కూచున్నట్టు కూచుని తొక్కే సైకిలు, దానిమీద సూర్యరశ్మితో కరెంటు తీసే పలకలు, చిన్న కంప్యూటరు. 1983లో ఇల్లు వదిలి, దారిలో దొరికిన టెలిఫోను బూతుల నుంచి పత్రికలకి వ్యాసాలు పంపుతూ 10 వేల మైళ్ళు తిరిగాడు. ఇంటర్నెట్టు అనే మాట మనం వినడానికి ఎన్నో ఏళ్ళ ముందు!

అంతటితో ఆగితే మనిషెలా అవుతాడు? 1986లో రెండో బండి చేశాడు. హ్యాండిలుకే మీటలు పెట్టి, తొక్కుతూ తొక్కుతూ టైపు చేసేవాడు. 1991కి మూడోది తయారైంది. దానికి వెనక తోకబండి, 105 గేర్లు, ఉపగ్రహంతో మాట్లాడే యంత్రాలు, అనేక కంప్యూటర్లు. మొత్తం 580 పౌన్లు, అంటే 263 కిలోలు. దానికి బెహెమత్ అని ఓ పురాణ జంతువు పేరు పెట్టాడు. ఇంగ్లీషులో ఆ అక్షరాలకి ఆయనే చెప్పిన విస్తరణలో చివరిమాటలకి అర్థం 'కాస్త బరువెక్కువ' అని! ఆయన బండ్లన్నిటి మీదా కలిపి తిరిగింది 17 వేల మైళ్ళు. అందులో 10 వేలు ఆ మొదటి బండివే. ఇప్పుడు బెహెమత్ కాలిఫోర్నియాలో కంప్యూటర్ల మ్యూజియంలో ఉంది. గొప్ప బండి, సందేహం లేదు. మనిషి బుర్ర అంటే అది. కానీ ఒకావిడ ఉన్న గేర్లు తీసేసి ఇండియా వచ్చింది, ఒకాయన 105 గేర్లు పెట్టి మ్యూజియం చేరాడు అని మా అమ్మాయితో అంటే, అది పడీ పడీ నవ్వి, "నువ్వు నా ట్రైలరు మీద దెబ్బ వేస్తున్నావు కదూ?" అంది.

కొంచెం వేశాను. ఎంచేతంటే, అప్పటికి తోకబండి మొదటి పరీక్షలో తప్పింది. బండికి పిల్లల సైకిలు చక్రాలు రెండు, 16 అంగుళాలవి, వేయించింది. హ్యాండిలు దూరిన చోట బండి కూడా దూరాలని వెడల్పు హ్యాండిలుని మించకుండా కొలత పెట్టింది. సైకిలు పక్కకి వాలితే బండి వాలకుండా ఉండాలని మధ్యలో మందపాటి రబ్బరు గొట్టం బిగించి, అది తెగినా బండి ఊడిపోకుండా చిన్న గొలుసు కట్టింది. అంతా బాగుంది. 25 కిలోల బియ్యం బస్తా వేసుకుని గట్టు మీద తొక్కింది. పల్లంలోకి దిగేసరికి తోక అటూ ఇటూ ఊగడం మొదలెట్టి, సైకిలుని కూడా ఊపి, పిల్లని రోడ్డు పక్కన పడేసింది. మోచెయ్యి గీరుకుపోయింది. నా గుండె ఆగి కొట్టుకుంది.

వెల్డింగు షాపబ్బాయి వచ్చి చూసి, మన ఎడ్లబండి సూత్రమే చెప్పాడు. "బరువు ఇరుసు వెనక్కి ఏశారమ్మా. బండికి వెనక బరువైతే ముందు లేస్తది, పట్టు ఉండదు. ఇరుసుకి రవ్వంత ముందుకి ఏసి చూడండి, కిందకంటా." బస్తా జానెడు ముందుకి జరిపారు, అంతే! పిల్లిలా వెంట నడిచింది. ఎడ్లబండి తోలినవాళ్ళకి ఇది తాతలనాటి విద్య. మా అమ్మాయి ఇంజనీరు.

సైకిలు విషయంలో మటుకు దాని తెలివి మెచ్చుకున్నాను. షాపువాళ్ళు తేలికైన అల్యూమినియం సైకిలు చూపిస్తే వద్దంది. మామూలు ఇనప చట్రం తీసుకుంది. ఇనుమైతే ఏ పల్లెటూరి వెల్డింగు షాపులోనైనా అతుకుతారు, అల్యూమినియం అతకడం అందరివల్లా కాదు. చక్రాలూ మన పాలవాళ్ళు తొక్కే పాత 28 అంగుళాలవే. ఆ ట్యూబు దొరకని ఊరుండదు. ఒక్కటే మార్పు, వెనక 18 పళ్ళ ఫ్రీవీలు తీసి 22 పళ్ళది వేయించింది. వేగం తగ్గినా తొక్కడం తేలిక. డెర్వ్లాగారు ఉంటే భుజం తట్టేవారు.

ఇక సర్దుడు. ఇక్కడ దోషం నాదే. అది పెట్టినవి కొన్నయితే నేను పెట్టినవి బోలెడు. చిన్న కుక్కరు, రగ్గు, మందుల డబ్బా, సున్నుండల డబ్బా, రెండు జాడీలు, దేవుడి పటం, ఎందుకైనా మంచిదని గొడుగు. కిరాణా కొట్టు కాటా మీద తూస్తే 41 కిలోలు! మావారు చూసి, "పిల్లని పంపుతున్నావా, కాపురానికి పంపుతున్నావా?" అన్నారు. అప్పుడు తల్లీ కూతుళ్ళం వాకిట్లో చాప వేసుకుని ఒక్కొక్కటీ తీశాం. ప్రతి వస్తువుకీ అది ఒకటే ప్రశ్న వేసేది: "ఇది నాకు అవసరమా, నీకు అవసరమా?" కుక్కరు నాకు అవసరం. రగ్గు నాకు అవసరం. గొడుగు కూడా నాకే. తీస్తూ తీస్తూ 22 కిలోలకి తెచ్చాం. దేవుడి పటం బదులు జేబులో పట్టే చిన్న బిళ్ళ పెట్టుకుంది. దానికి వాదించలేదు.

నేను తీసేసింది ఒక్క గొడుగూ కుక్కరూ కాదు. "పోయినేడాది నా మోకాలి వల్ల ఆగిపోయావు. ఈసారి నాకేదైనా వచ్చినా మీ నాన్నగారున్నారు, తమ్ముడున్నాడు. మధ్యలో తిరిగి రావద్దు," అన్నాను. అది తలెత్తి నాకేసి ఒక్క క్షణం చూసి, మళ్ళీ తలొంచుకుని డేరా తాళ్ళు చుట్టుకుంది. చుట్టిన తాడే మళ్ళీ విప్పి మళ్ళీ చుట్టింది.

అయితే తల్లి తల్లే. డెర్వ్లాగారి దగ్గర నేనూ ఒక పాఠం నేర్చుకున్నాను. నిన్న పార్సిలు ఆఫీసుకి వెళ్ళి మూడు పెట్టెలు పంపించాను. ఒంగోలులో మా పెద్దాడపడుచుకి ఒకటి, నెల్లూరులో మా పిన్ని కూతురికి ఒకటి, చెన్నైలో మా తమ్ముడికి ఒకటి. ఒక్కోదానిలో ఒక టైరు, రెండు ట్యూబులు, టైరు మధ్య ఖాళీలో గుడ్డ చుట్టి ఒక ఆవకాయ సీసా. గుమాస్తా పెట్టెలో ఏముందో రాయమంటే 'సైకిలు సామాను' అని రాశాను. అబద్ధం కాదు కదా.

చెన్నై దాటాక మనవాళ్ళెవరూ లేరు. పుదుచ్చేరి, నాగపట్నం, రామేశ్వరం – అట్లాసులో వేలు పెట్టి చూశాను, ఒక్క చుట్టం ఇల్లు లేదు. అక్కణ్ణుంచి అదీ, దాని సైకిలూ, దాని తోకబండీనూ.